కొత్త చెక్క ఫ్లోరింగ్: కిటికీ దగ్గర దిగుతోంది, గుమ్మం దగ్గర లేస్తోంది. స్క్రూలు కొట్టించాలా?

యెండాడ మూడో అంతస్తు:

అందరికీ నమస్కారం. మాది యెండాడలో కొండ వైపు అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు, కట్టి పదేళ్లు దాటింది. వేసవి సెలవుల్లో పెద్ద పడగ్గదికీ, దాన్ని ఆనుకుని ఉన్న పిల్లల గదికీ పాత విట్రిఫైడ్ టైల్స్ మీదే వుడెన్ ఫ్లోరింగ్ వేయించాం. 8 మి.మీ. లామినేట్, క్లిక్ లాక్ రకం. జిగురు లేదు, మేకు లేదు. కింద ఫోమ్ పరిచి, పలకలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయారు.

పెద్ద గది బాల్కనీని అంతకుముందే గదిలో కలిపేశాం. పిట్టగోడ మీద స్లైడింగ్ కిటికీ పెట్టించాం. బాల్కనీ మట్టం గది కన్నా దిగువన ఉంటుంది కదా, తాపీమేస్త్రి సిమెంటు మాలు పోసి ఎత్తు చేశాడు. అది అయిన కొద్ది వారాలకే ఫ్లోరింగ్ వాళ్లు దిగారు. ఇప్పుడు ఆ గది కిటికీ దాకా 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. అందులో చివరి 4 అడుగులు పాత బాల్కనీ.

పాత గోడ ఉండే చోట అడుగు వేస్తే నేల దిగి లేస్తోంది, టక్కుమని చప్పుడు. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది, అద్దం ఆ గదిలోనే ఉంది. వేసిన రోజు నుంచీ తను అంటూనే ఉంది, "ఇక్కడ మోత వేరేగా వస్తోందమ్మా" అని. ఇక గుమ్మం దగ్గర ఇంకో తంటా. రెండు గదులకీ మధ్య పట్టీ లేకుండా ఏకంగా పరిచారు, అలా అయితేనే అందం అన్నాడు షాపతను. అక్కడ రెండు పలకలు కలిసేచోట అంచు పైకి లేచింది. చీకట్లో బొటనవేలికి తగులుతోంది. వీటికి తోడు ఇనుప బీరువా ముందు రెండు పలకల కొసల మధ్య సందు పడింది. గోరు దూరుతోంది, దుమ్ము కూడా చేరింది.

ఫోన్ చేస్తే మొదట "కొత్తది కదా మేడమ్, సెట్ అవుతుంది" అన్నారు. వర్షాలు మొదలయ్యాక గుమ్మం దగ్గర ఇంకా లేచింది. ఇప్పుడేమో "మనిషిని పంపుతాం, నాలుగు స్క్రూలు బిగిస్తాడు, సందులో సిలికాన్ పూస్తాడు, అయిపోతుంది" అంటున్నారు. మా ఆయన సరేననేశారు. నాకే మనసొప్పడం లేదు. ఇంకో మాట, బాల్కనీ వైపు కాస్త పల్లంగా ఉందని వాళ్లు అక్కడ ఫోమ్ రెండు పొరలు వేయడం నేను చూశాను. తప్పేమీ కాదన్నారు.

కొంత డబ్బు ఇంకా ఇవ్వాల్సి ఉంది. ఏం అడగాలి, ఏం చేయించాలి?

గాజువాక గృహస్థు:

మేడమ్, ఇంత ఆలోచన అక్కర్లేదు. స్క్రూలు కొట్టించేయండి, మీద అదే రంగు మైనం పెడతారు, కనపడదు. మా బావమరిది ఇంట్లో అలాగే చేశారు. అయినా మన ఉక్కపోతకి చెక్క ఎందుకండీ, టైల్ కన్నా గొప్పదేముంది?

కంచరపాలెం వడ్రంగి:

అమ్మా, ముందు ఆ స్క్రూల మనిషిని గుమ్మంలోనే ఆపండి. గాజువాక సోదరుడు మంచికే చెప్పారు గానీ, వాళ్ల బావమరిది ఇంట్లో స్క్రూ పక్క పలక ఇప్పుడెలా ఉందో ఒకసారి అడగమనండి.

ఈ రకం నేల దేనికీ అంటుకుని ఉండదు. గది మొత్తం కలిపి ఒకటే అట్ట. గాలిలో తేమ పెరిగితే అట్టంతా సాగుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. పలక లోపలున్నది హెచ్‌డీఎఫ్, అంటే చెక్క పీచుని గట్టిగా అదిమి చేసిన బోర్డు. అది చెమ్మ పీల్చకుండా ఉండదు. చాలా కంపెనీలు గదిలో తేమ 60 శాతం లోపు ఉండాలని పెట్టె మీదే రాస్తాయి. మన విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు 70 పైనే. పైగా మీరు రాత్రి ఏసీ వేస్తారు, పొద్దున్న కిటికీలు తీస్తారు. అంటే రోజూ కొద్దిగా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. జరగనిస్తే ఏ గొడవా లేదు. ఒకచోట స్క్రూతో బిగించారనుకోండి, ఆ లాగుడంతా పక్క లాక్ మీద పడుతుంది. నాలుగు స్క్రూలు కొట్టిన చోట్ల ఆ చుట్టుపక్కల పది సందులు పడటం నేను చాలా ఇళ్లలో చూశాను.

మీరు చెప్పినవి ఒకే జబ్బు లక్షణాలు కావు. దిగడం వేరు, లేవడం వేరు. నేల దిగుతోందంటే తప్పు కింద ఉంది, లేస్తోందంటే తప్పు అంచుల్లో ఉంది. బాగుచేసే పద్ధతి కూడా వేర్వేరు. అందుకే ఏదీ విప్పకుండా ముందు చూడాలి.

కిటికీ దగ్గర కథ మీరే చెప్పేశారు. రెండు పొరల ఫోమ్! ఈ నేల కింద 2 లేదా 3 మి.మీ. ఫోమ్ ఒక పొర చాలు. అంతకన్నా మెత్తగా ఉంటే పరుపు మీద అప్పడాలు పేర్చి నడిచినట్టే. పల్లాన్ని మాలుతోనో లెవెలింగ్ కాంపౌండ్‌తోనో పూడ్చాలి, ఫోమ్‌తో కాదు. కాలు పడ్డ ప్రతిసారీ లాక్ నాలుక, అంటే పక్క పలకలోకి దూరే సన్నటి అంచు, వంగుతుంది. ఆ టక్కుమనే చప్పుడు అదే. కొన్నాళ్లు పోతే నాలుక విరుగుతుంది, అప్పుడిక పలక మార్చడమే. అమ్మాయిని అక్కడ సాధన చేయనివ్వకండి, కొంచెం జరిగి చేసుకోమనండి.

పల్లం ఎంతో కొలవండి. 6 అడుగుల అల్యూమినియం బాక్స్ పైపు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. కర్టెన్ రాడ్ వద్దు, అది వంగుతుంది. పైపుని పాత గోడ గీతకి అడ్డంగా, అంటే సగం గదిలో సగం బాల్కనీలో ఉండేలా నేల మీద పెట్టండి. పైపు కింద సందులో పాత ఏటీఎం కార్డులు దూర్చి చూడండి. ఒక్కో కార్డు మందం 0.76 మి.మీ., నాలుగు కార్డులంటే దాదాపు 3 మి.మీ. 2 మీటర్ల పొడవులో అంతకు మించి తేడా ఉంటే ఈ నేల వేయకూడదు. మొదట ఎవరూ నిలబడకుండా చూడండి, తర్వాత మీ ఆయన్ని పక్కనే నిలబడమని మళ్లీ చూడండి. రెంటికీ మధ్య తేడా ఎంతో, నేల అంత ఊగుతోందని లెక్క.

ఇక అంచులు. కిటికీ వైపు స్కర్టింగ్, అంటే గోడ అడుగున కొట్టిన పట్టీ, ఒక అడుగు ముక్క జాగ్రత్తగా ఊడదీయండి. వెనకాల పలకకీ గోడకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. మామూలు పెన్సిల్ 7 మి.మీ. ఉంటుంది. అది సులువుగా దూరి ఇంకొంచెం సందు మిగలాలి. ఈ నేలకి నాలుగు వైపులా 8 నుంచి 12 మి.మీ. ఖాళీ అడుగుతారు. కొందరు నేల ప్రతి మీటరుకీ ఒక్కో వైపు ఒకటిన్నర మి.మీ. అని లెక్క కడతారు. మీ గదికి 10 మి.మీ. కన్నా తక్కువ ఉండకూడదు. గుమ్మం దగ్గర ద్వారబంధం కాళ్లకి పలక ఒరుసుకుందా అన్నది కూడా చూడండి. ద్వారబంధం అడుగు కోసి పలకని దాని కిందికి పోనివ్వాలి, లేదా ఖాళీ వదిలి పట్టీతో కప్పాలి. చాలామంది పలకని ద్వారబంధం ఆకారానికి సరిగ్గా కోసి, బిగుతుగా కూర్చోబెట్టి, చూడండి ఎంత పనితనమో అంటారు. ఆ పనితనమే కొంప ముంచుతుంది.

బీరువా ఎక్కడుందో, మంచం ఎక్కడుందో కూడా రాయండి.

సీతమ్మధార అత్తయ్య:

వడ్రంగి గారూ, మా వీధి గుమ్మం దగ్గర కూడా పలకలు ఉబ్బాయి. మేం శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తాం. ఆ నీళ్లేనా కారణం? మా పనమ్మాయి ఫినాయిలు నీళ్లు బకెట్టుతో పోసి తుడుస్తుంది, ఎంత చెప్పినా వినదు.

కంచరపాలెం వడ్రంగి:

అత్తయ్యా, ఆ నీళ్లే. గడప కడగడం మానక్కర్లేదు, వీధి గుమ్మం లోపల రెండడుగులు టైలే వదిలేసి అక్కడి నుంచి చెక్క మొదలుపెడితే సరిపోయేది. ఇప్పటికైనా ఆ రెండడుగులు తీయించేయవచ్చు, మధ్యలో ఒక అంచు పట్టీ వేస్తారు. తుడవడానికి గట్టిగా పిండిన గుడ్డ చాలు. నేల మీద నీళ్లు నిలబడకూడదు. ఉబ్బిన అంచు ఆరాక కూడా పూర్తిగా దిగదు, అది మాత్రం ముందే చెబుతున్నా.

లాసన్స్ బే కాలనీ:

ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలు) వేయించుకోవలసింది, నీళ్లకి ఏమీ కాదు. కానీ దానికీ ఒక తిప్పలుంది. మా హాలు తూర్పు ముఖం, బీచ్ వైపు పెద్ద గాజు తలుపు. పొద్దున్న ఎండ పడి పలకలు అరికాలికి చురుక్కుమనేంత వేడెక్కేవి, మధ్యాహ్నానికి తలుపు దగ్గర పైకి లేచేవి, రాత్రికి మళ్లీ కూర్చునేవి. అంచు కోయించి ఖాళీ పెట్టించాక, మందపాటి కర్టెన్ కట్టాక తగ్గింది. ఇంకోటి, ఎస్‌పీసీ పలక అడుగున ఫోమ్ అంటించే వస్తే దాని కింద మళ్లీ ఫోమ్ వేయకూడదట. మాకు వేసేశారు. అదంతా తీయించడం వేరే కథ.

యెండాడ మూడో అంతస్తు:

మేస్త్రిగారూ, మీరు చెప్పినవన్నీ చూశాం. మా ఆయన మొదట విసుక్కున్నారు గానీ, కార్డులు దూర్చడం మొదలయ్యాక నాకు పైపు కూడా పట్టుకోనివ్వలేదు.

పాత గోడ గీత దగ్గర ఎవరూ నిలబడకపోతే మూడు కార్డులు. ఆయన నిలబడితే ఏడు. గదిలో తలుపు వైపు ఎక్కడ పెట్టినా రెండు కార్డులు దూరడమే కష్టంగా ఉంది.

కిటికీ వైపు స్కర్టింగ్ ఊడదీశాం. పెన్సిల్ మాట అలా ఉంచండి, ఏటీఎం కార్డు కూడా దూరలేదు. పలక నేరుగా గోడకి తగులుతోంది. రెండు చోట్ల నేల వేసేటప్పుడు దూర్చిన చెక్క ముక్కలు తీయకుండా వాటి మీదే స్కర్టింగ్ కొట్టేశారు. ఒకచోట మాలు ముద్ద గట్టిపడి పలకకి అతుక్కుని ఉంది. అక్కడ పలక అంచు పొరలు పొరలుగా విచ్చుకుంది. వేలితో నొక్కితే తడి తెలియలేదు గానీ, మూసిన గదిలో వచ్చే ముక్క వాసన వచ్చింది.

గుమ్మం దగ్గర ద్వారబంధం చుట్టూ పలక మీరన్నట్టే బిగుతుగా, చాలా అందంగా కోసి ఉంది. 

బీరువా, బాక్స్ మంచం ఎదురెదురు గోడలకి ఉన్నాయి. బీరువా నిండా పట్టుచీరలు, ఇత్తడి సామాను. సందు పడింది ఆ రెంటికీ మధ్యలోనే.

తేమ చూసే చిన్న డిజిటల్ మీటరు కూడా కొన్నాం. రాత్రి ఏసీలో 52 చూపించింది, పొద్దున్న కిటికీ తీస్తే 81. ఇంత తేడా ఉంటుందనుకోలేదు.

కింద పాలిథిన్ షీటు వేశారా అని షాపతన్ని అడిగితే, "మూడో అంతస్తుకి ఎందుకు మేడమ్, అది గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి" అన్నాడు. నిజమేనా?

రిటైర్డ్ సివిల్ ఇంజినీరు, ఎంవీపీ కాలనీ:

అమ్మా, షాపతను చెప్పింది పాత స్లాబు మీద టైల్స్ ఉన్న భాగానికి కొంతవరకు చెల్లుతుంది. కొత్తగా మాలు పోసిన భాగానికి చెల్లదు. మాలు ఆరడానికి మందం ప్రతి 25 మి.మీ.కి నెల అని మోటు లెక్క. మన గాలిలో ఇంకా ఆలస్యమే అవుతుంది. మీవాళ్లు ఎంత మందం పోశారో తెలియదు గానీ, బాల్కనీలు మామూలుగా గది కన్నా 2 అంగుళాలు కిందికి ఉంటాయి. 2 అంగుళాలంటే 50 మి.మీ. కొద్ది వారాల్లో అది ఆరదు. పైకి పొడిగా కనపడుతుంది, లోపలి చెమ్మ నెమ్మదిగా పైకి వస్తుంది, మీ చెక్క పీల్చుకుంటుంది. పలక విచ్చుకున్నది అందుకే.

పరీక్ష సులువు. పలకలు తీశాక ఆ మాలు మీద 45 సెం.మీ. చదరం పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి పోకుండా అంటించండి. కనీసం 16 గంటలు వదిలేయండి. షీటు లోపల నీటి చుక్కలు పట్టినా, కింద మాలు రంగు ముదిరినా ఇంకా ఆరలేదని అర్థం.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం ఒకటి చెబుతాను. 50 మి.మీ. మాలు చదరపు మీటరుకి 100 కిలోల పైన తూగుతుంది. మీ బాల్కనీ 4 అడుగులు, 11 అడుగులు కాబట్టి మొత్తం నాలుగు క్వింటాళ్ల పైమాటే, దానికి తోడు కిటికీ బరువు. బాల్కనీ స్లాబు ఒకవైపే ఆధారంతో బయటికి పొడుచుకుని ఉంటుంది. అలాంటి స్లాబులో లాగుడు పైభాగంలో, గోడ దగ్గర ఎక్కువ. బీట పడితే అక్కడే, పైనే పడుతుంది. అంటే మీ నేల ఊగుతోందన్న గీత మీదే! కింది ఇంటివాళ్లకి కూడా కనపడదు. పలకలు ఎలాగూ తీస్తున్నారు కాబట్టి ఆ గీత పొడుగునా టార్చి వేసి చూడండి. పాత స్లాబు, కొత్త మాలు కలిసేచోట వెంట్రుకవాసి గీత ఉంటే భయం లేదు, అది మాలు కుంచించుకోవడం. అంతకన్నా వెడల్పు ఉన్నా, గీతకి అటూ ఇటూ మట్టం తేడా ఉన్నా ఫ్లోరింగ్ సంగతి పక్కనపెట్టి స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి. ఏమైనా బీరువా అటువైపు జరపొద్దు.

కిటికీ ట్రాక్ బయటివైపు చిన్న నీటి రంధ్రాలు ఉంటాయి. పెయింటు, మట్టి పట్టి మూసుకుపోయి ఉంటాయి, పుల్లతో పొడిచి చూడండి. అక్టోబరులో జల్లు సముద్రం మీద నుంచి అడ్డంగా కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజు మా కాలనీలో కిటికీ అద్దాలు నిలిచిన ఇళ్లలో కూడా ట్రాక్ పొంగి గదిలోకి నీళ్లు వచ్చాయి. టైల్ అయితే తుడిచేసుకున్నాం. మీ నేలకి ఒక్క రాత్రి నీళ్లు నిలిస్తే చాలు.

కంచరపాలెం వడ్రంగి:

సార్ చెప్పిన బీట సంగతి నాకు తట్టనే లేదు. మంచిమాట.

అమ్మా, ఇప్పుడు బొమ్మ పూర్తయింది. కిటికీ వైపు గోడకి ఆనింది, గుమ్మంలో ద్వారబంధానికి ఆనింది, మధ్యలో కింద నుంచి చెమ్మ, పై నుంచి వానగాలి. సాగడానికి చోటు లేక గుమ్మం దగ్గర లేచింది. బీరువా, మంచం రెండు వైపులా అదిమి పట్టాయి. ఏసీకి కుంచించుకునేటప్పుడు ఆ రెంటి మధ్య బలహీనంగా ఉన్న జాయింటు ఊడింది.

షాపతనితో గొడవ పడేటప్పుడు "ఊగుతోంది" అనకండి. "సెట్ అవుతుంది" అనే సమాధానం దానికే వస్తుంది. కార్డులతో కొలిచిన ఫొటో, చెక్క ముక్కలున్న ఫొటో, పాలిథిన్ వేయలేదని అతనే చెప్పిన మెసేజి పెట్టండి. పెట్టెలో వచ్చిన సూచనల కాగితంలో ఖాళీ ఎంత వదలాలో, మట్టం తేడా ఎంత ఉండొచ్చో రాసి ఉంటుంది. దాని ఫొటో కూడా పక్కన పెట్టండి. వాళ్ల కంపెనీ కాగితమే వాళ్లకి చూపిస్తే నోరు పెగలదు. డబ్బు మిగిలి ఉండటం మంచిదయింది.

పని ఎలా చేయించాలంటే, ముందుగా ఈ రోజే కిటికీ వైపు స్కర్టింగ్ మొత్తం తీయించి, ఆ చెక్క ముక్కలు లాగేయించండి, మాలు ముద్ద కొట్టించండి. ద్వారబంధం దగ్గర పలకని మల్టీకట్టరుతో 10 మి.మీ. వెనక్కి కోయించండి. అంతమాత్రానికే గుమ్మం దగ్గర లేచింది కొద్ది రోజుల్లో చాలావరకు కూర్చుంటుంది. దాని మీద బరువులు పెట్టడం, రోకలితో కొట్టడం వద్దు. ఒకాయన గ్యాస్ సిలిండరు పెట్టాడు, నేల కూర్చోలేదు సరికదా సిలిండరు అడుగు గుర్తు పడిపోయింది.

తర్వాత అసలు పని. ఈ నేల ఎటునుంచి వేశారో దానికి ఎదురు వైపు నుంచి విప్పాలి, చివరి వరస ముందు రావాలి. పలకల మీద పేపర్ టేపు అంటించి నంబర్లు వేయమనండి. బద్దకించి మధ్యలో పలుగు పెట్టి ఎత్తితే లాకులు పోతాయి. పలకని కొంచెం వాలుగా పైకెత్తితే దానంతట అదే ఊడాలి. ప్రతి పలక నాలుకనీ వెలుతురుకి పెట్టి చూడాలి. తెల్లగా నలిగినట్టున్నా, పగిలినా అది పనికిరాదు. అంచు విచ్చుకున్నవి పారేయడమే. మిగిలిన పెట్టె ఉందా మీ దగ్గర? అదే రంగు రెండోసారి కొంటే బ్యాచి మారి కొద్దిగా తేడా వస్తుంది. అలాంటివి మంచం కిందికి వేయించేయండి.

మాలు ఆరిందని తేలాకే మిగతాది. పల్లం పూడ్చేటప్పుడు నున్నటి టైల్ మీద నేరుగా లెవెలింగ్ కాంపౌండ్ పోస్తే పెచ్చులూడుతుంది. ముందు గరుకు పట్టించి ప్రైమరు వేయాలి. అది ఆరాక 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరవాలి, జాయింట్ల దగ్గర 20 సెం.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కించి టేపు వేయాలి. దాని మీద ఫోమ్ ఒక్క పొరే.

గుమ్మంలో తలుపు మూస్తే కనపడకుండా తలుపు కిందకి వచ్చేలా టీ ప్రొఫైల్ పట్టీ (రెండు నేలల మధ్య సందుని కప్పే పట్టీ) వేయించండి. రెండు గదులూ వేర్వేరు అట్టలవుతాయి, ఒకదాని లాగుడు ఇంకోదానికి తగలదు. అందం తగ్గుతుందంటే తగ్గనివ్వండి. స్కర్టింగ్ మేకు గోడలోకి దిగాలి, పలకలోకి కాదు. నేలకీ స్కర్టింగ్‌కీ మధ్య ఒక కాగితం జారేంత వదలాలి.

బీరువా, మంచం ఒకే గోడ వైపు పెట్టుకోండి. ఒకవైపు బరువున్నా నేల రెండోవైపుకి జరుగుతుంది. రెండు వైపులా పెడితేనే ఇబ్బంది.

కొత్త పెట్టెలు తెప్పిస్తే వచ్చిన రోజే పరవనివ్వకండి. పెట్టెలు విప్పకుండా, ఆ గదిలోనే పడుకోబెట్టి 48 గంటలు ఉంచమనండి.

గాజువాక గృహస్థు:

వడ్రంగి గారూ, బావమరిదికి ఫోన్ చేశాను. స్క్రూ పక్కన రెండు సందులు పడ్డాయట, పైన కార్పెట్ వేసుకున్నాడట. నాకెప్పుడూ చెప్పలేదు.

యెండాడ మూడో అంతస్తు:

పని అయ్యింది, అందుకే మళ్లీ రాస్తున్నాను. ఫొటోలు, కంపెనీ కాగితం పంపాక షాపతను ఓనర్‌ని మాట్లాడించాడు. కూలీ వాళ్లే పెట్టుకున్నారు. లెవెలింగ్ కాంపౌండ్, పాలిథిన్ డబ్బులు మేమిచ్చాం. పాడైన పలకలకి సగం సగం. ఇంతకన్నా లాగితే పని చెడుతుందనిపించి ఒప్పుకున్నాను.

అంచులు వదులు చేసిన వారంలోనే గుమ్మం దగ్గర కూర్చుంది. చేత్తో తడిమితే కొద్దిగా తెలుస్తుంది అంతే.

బాల్కనీ వైపు విప్పితే ఫోమ్ కింది పొర అడుగున నల్లటి చుక్కలు, బూజు. ఇంజినీరు గారు చెప్పిన షీటు అంటించాం, తెల్లారేసరికి లోపల చుక్కలు కట్టాయి. అందుకని ఆ భాగం ఖాళీగా వదిలేసి ఫ్యాను పెట్టాం, ఏసీ డ్రై మోడ్‌లో నడిపాం. షీటు పరీక్ష మళ్లీ చేసి, ఏమీ పట్టలేదని చూశాకే పూడ్చడం మొదలుపెట్టించాను. ఆ నాలుగడుగులూ అలా ఉన్నన్నాళ్లూ మా అమ్మాయి హాల్లో సోఫా జరిపించి సాధన చేసింది, కింది ఇంటివాళ్లు ఒకసారి పైకి వచ్చి వెళ్లారు కూడా.

గీత మీద టార్చి వేసి చూశాం. మాలు కలిసేచోట సన్నటి గీతే ఉంది. అయినా భయం పట్టుకుని మాకు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిచాం. మట్టం చూసి, పర్లేదన్నారు. ఇంకే బరువూ వేయొద్దని గట్టిగా చెప్పారు. పూలకుండీలు వరసగా పెడదామనుకున్నా, ఆ ఆలోచన మానేశాను.

ఇప్పుడు పైపు పెట్టి, మా ఆయన నిలబడితే రెండు కార్డులు. కిటికీ రంధ్రాలు పొడిస్తే ఒకదాంట్లోంచి తెల్ల సిమెంటు గుళిక వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. మంచం దగ్గర ఒకే ఒక్క పలక అడుగేస్తే సన్నగా కిర్రుమంటోంది. దిగడం లేదు, లేవడం లేదు. వాళ్ల కుర్రాడు టాల్కం పౌడరు రాయమన్నాడు. రాయనా?

కంచరపాలెం వడ్రంగి:

కార్డులు చూశారుగా, అక్కడ పల్లం లేకపోతే రాయండి. జాయింటు మీద చల్లి, మెత్తటి బ్రష్‌తో సందులోకి పోనిచ్చి, మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయండి. కొత్త లాకులు రాసుకునే చప్పుడు అది, నడవగా నడవగా తగ్గుతుంది. నూనె మాత్రం వేయకండి, ఎవరైనా చెప్పినా సరే. చలికాలం వచ్చి, గాలి పొడిబారి ఏసీ ఆపేశాక కూడా మోగుతుంటే అప్పుడు రాయండి, చూద్దాం.

మిగిలిన పలకలు నిలబెట్టకండి, వంగిపోతాయి. మంచం కింద పడుకోబెట్టండి.